సిగ్నళ్లు లేని గూడ్సు

అంగన్‌వాడీ తలుపుకు తాళం వేసి ఇంటి దారి పట్టేసరికి రెజీనా కాళ్లు ఆమె మాట వినడం మానేస్తాయి. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టడం ఒక పని. వాళ్లను తూచి, ఆ బరువులు ఫోనులోకి ఎక్కించడం ఇంకో పని. ఎక్కనివాటిని మళ్లీ మళ్లీ ఎక్కించడం వేరే బతుకు. అంతమంది పిల్లలు కలిసి ఏడిపించేదాని కన్నా ఆ ఒక్క ఫోను ఎక్కువ ఏడిపిస్తుందని ఆమె అంటూ ఉంటుంది.

డోన్‌లో రైల్వే కాలనీ వెనక సందులో వాళ్ల ఇల్లు. చెప్పులు విడిచి, మొగం కడుక్కుని, పొయ్యి మీద టీ నీళ్లు పెట్టేలోపు ముందుగదిలోంచి పిలుపు వస్తుంది.

"స్టార్టర్... గ్రీన్."

రెజీనా వంటింట్లోంచే బదులివ్వాలి. "స్టార్టర్ గ్రీన్."

అప్పుడుగానీ గూడ్సు కదలదు.

ఆ గూడ్సు కంప్యూటరులోది, ఆటలోది. పిలుపు మాత్రం ఆటది కాదు. ఇంజనులో డ్రైవరు సిగ్నల్ చూసి దాని రంగు పైకి అనాలి. పక్కనున్న సహాయ డ్రైవరు తన కళ్లతో తాను చూసి అదే మాట తిరిగి అనాలి. రెండు నోళ్లూ ఒకటే మాట అంటేనే బండి ముందుకు పోవాలి. రెజీనా మొగుడు ఏసుకుమార్ గూడ్సు డ్రైవరుగా తన వయసంతా ఆ మాటలు అంటూనే గడిపాడు. నిద్రలో కూడా అనేవాడు. పెళ్లయిన కొత్తలో, మంచం మీద పక్కన పడుకున్న మనిషి ఉన్నట్టుండి "హోమ్ రెడ్" అంటే రెజీనా భయపడి లేచి కూర్చునేది. ఆమె పత్తికొండ పక్క పల్లెలో టమోటా తోటల్లో కాయలు కోసి పెరిగిన పిల్ల. రైలంటే దూరం నుంచి చూడటమే తప్ప దాని మాటలేవీ ఎరగదు. ఆ తర్వాత అన్నీ అలవాటయ్యాయి. పగలు పడుకునే మొగుడు, ఏ వేళకో వచ్చే డ్యూటీ పిలుపు, ఎప్పుడూ సర్ది ఉండే టిఫిను డబ్బా.

రెండేళ్ల కిందట, డ్యూటీకి పోదామని బూట్ల తాళ్లు కట్టుకుంటూ కట్టుకుంటూ ఏసుకుమార్ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట మొత్తం పోయింది. కర్నూలు ఆసుపత్రిలో మాటలు నేర్పే ఆమె బొమ్మలు చూపించింది. ఆవు, కుండ, గొడుగు. గొడుగును చూసి కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు గానీ దాని పేరు నోటికి రాలేదు. ఇంటికి తెచ్చాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు వచ్చాడు హనుమేష్. ఆలూరు పక్క మనిషి, ఏసుకుమార్ పక్కన చాలాకాలం సహాయ డ్రైవరుగా కూర్చున్నవాడు. ఏసుకుమార్‌కు ముందునుంచీ ఈ రైలు ఆట పిచ్చి ఉండేది. సెలవు దొరికినా కంప్యూటరు ముందు కూర్చుని బండే నడిపేవాడు. డ్యూటీలో తోలింది చాలదా, ఇంటికొచ్చీ తోలాలా అని రెజీనా తిట్టేది. దేశదేశాల లైన్లూ, రకరకాల ఇంజన్లూ కొని అందులో పెట్టుకున్నాడు. మన పక్క లైను మాత్రం ఎవరూ తయారుచేసి అమ్మలేదు. హనుమేష్ తనకు విశ్రాంతి దొరికినప్పుడల్లా వచ్చి కూర్చుని, డోన్ నుంచి కర్నూలుకు ఆటలో తన చేత్తో పట్టాలు వేశాడు. ఎర్రనేల, నాపరాళ్ల గుట్టలు, కట్టల వెంట కంపచెట్లు, బోగోలు, వెల్దుర్తి, ఉల్లిందకొండ, దూపాడు. అంతా అయ్యాక ఏసుకుమార్‌ను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమచేతికి మీటలు అందేలా సర్ది, బండి తీయమన్నాడు.

స్టేషను ఇంకా దూరం ఉందనగా మొదట కనబడే సిగ్నల్‌ను డిస్టెంట్ అంటారు. స్టేషనులోకి రానిచ్చేది హోమ్, బయటికి పంపేది స్టార్టర్. బోగోలు డిస్టెంట్ కంటబడగానే ఏసుకుమార్ నోరు కదిలింది.

"డిస్టెంట్... డబుల్ ఎల్లో."

రెజీనా చేతిలో చేట జారి బియ్యం ఇల్లంతా పడ్డాయి.

అప్పటినుంచీ అంతే. అన్నం అనడు, నీళ్లు అనడు, రెజీనా అనడు. సిగ్నళ్లు మాత్రం అంటాడు. కర్నూలులో మాటలు నేర్పే ఆమె ఇది విని, వచ్చేవాటిని రోజూ పలికిస్తా ఉండమ్మా, మిగతావి వాటి వెనకే వస్తే వస్తాయి, మానేస్తే ఇవీ పోతాయి అని చెప్పింది. అందుకే రెజీనా నిలబడలేని రోజున కూడా వంటింట్లో సహాయ డ్రైవరు ఉద్యోగం చేస్తుంది. ఆ గోడకు అవతలి వాటా రామసుబ్బమ్మది. వెల్దుర్తి హోమ్ వినబడితే ఆమె బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది.

ఈ ఎండాకాలం చివర ఒక సాయంత్రం ఆట తెరుచుకోలేదు. ఏదో అప్‌డేట్ వచ్చిందట, దానికి డిస్కులో చోటు లేదట. హనుమేష్‌కు ఫోను చేస్తే స్విచ్చాఫ్. బండి మీద ఉన్నప్పుడు డ్రైవర్లు ఫోను కట్టేసి ఉంచాలి కాబట్టి అది ఎప్పుడూ అంతే. కుర్చీలో ఏసుకుమార్ ఎడమచేతి వేళ్లతో టేబులు మీద తడుతూ కూర్చున్నాడు.

చోటు లేదనే మాట రెజీనాకు కొత్త కాదు. అంగన్‌వాడీ ఫోను పొద్దున లేస్తే అదే పాట. పాత ఫొటోలు తీసేస్తే ఊరుకుంటుంది. కంప్యూటరైనా అంతేగదా అనుకుని ఆట ఫోల్డరు తెరిచింది. అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టుకుని కూర్చున్నది మంచుకొండల మధ్య పోయే ఏదో చలిదేశపు లైను. ఏసుకుమార్ దాన్ని తెరవగా ఆమె ఎన్నడూ చూడలేదు. బాయి నీళ్లు ఎండిపోయే ఊరికి మంచెందుకు అనుకుని తీసిపారేసింది. చెత్తబుట్టలో ఉన్నా చోటు తింటూనే ఉంటుందని ఫోను నేర్పిన పాఠం, అందుకని దాన్నీ ఊడ్చేసింది. అప్‌డేట్ ఎక్కింది. ఆట తెరుచుకుంది. ఒక పని అయిందనుకుని వంటింట్లోకి పోయి, బదులు నోట్లో పెట్టుకుని నిలబడింది.

పిలుపు రాలేదు. ఇంజను గుర్రు మాత్రం వినబడుతోంది.

వచ్చి చూసింది. ప్లాటుఫారం ఉంది, పట్టాలు ఉన్నాయి, కంపచెట్లు ఉన్నాయి. ప్లాటుఫారం చివర సిగ్నల్ స్తంభం ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. ఏసుకుమార్ ఎడమచేతి వేలితో ఆ ఖాళీని పొడిచి పొడిచి చూపించాడు. ఈ పూటకు ఎట్లాగో పోనీయమంది. సిగ్నల్ లేకుండా బండి తీయమన్న మనిషిని డ్రైవరు ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. చేసేదిలేక ఆమే మీట నొక్కింది. బండి పోయింది. బోగోలు దగ్గర డిస్టెంట్ ఉండే మలుపులో అతని నోరు తెరుచుకుంది, ఏమీ కనబడక మూసుకుంది. హోమ్ దగ్గరా అంతే. వెల్దుర్తి రాకముందే తెర ఆపేసి, కాలీడ్చుకుంటూ మంచం దగ్గరికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడూ అంతే, ఆ పై రోజూ అంతే. రెజీనా టీ ఇస్తూ "స్టార్టర్ గ్రీన్" అని తానే అని చూసింది. అతను టీ తాగాడు.

"మీ ఇంట్లో బండి యాడో నిలబడిపోయినట్లుండాదే రెజీనమ్మా," అని గోడ మీదుగా రామసుబ్బమ్మ అడిగింది. "మా ఇంట్లో అన్నం వేళకు ఉడకడంల్యా. మా ఆయప్ప నన్ను తిడ్తాండాడు."

తప్పు ఎక్కడ జరిగిందో రెజీనాకు తెలుసు. ఎందుకు జరిగిందో తెలియదు. మంచు తీసేస్తే సిగ్నళ్లు ఎందుకు పోవాలి?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనకున్న పాత్రల గదిలో పని పడింది. పెళ్లిళ్లకూ పండగలకూ సంఘంవాళ్లు తీసుకుపోయే వంటసామాను అక్కడ ఉంటుంది. దాని తాళం రెజీనా దగ్గరా, అదుపు పెద్దమ్మ దగ్గరా ఉంటాయి. పెద్దమ్మ ఎవరికి పెద్దమ్మో ఎవరికీ తెలియదు. పసిపిల్లల నుంచి పాస్టరు దాకా అందరూ అట్లాగే పిలుస్తారు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన గిన్నెలన్నీ కలగాపులగంగా పడి ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని తోమి, తుడిచి, సర్దుతున్నారు.

దేనికీ కుదరని పాత ఇత్తడి మూత ఒకటి రెజీనా చేతికి వచ్చింది. నాలుగు గిన్నెల మీద పెట్టి చూసింది. పట్టలేదు. అసలే విసుగ్గా ఉందేమో, దీన్ని పాతసామాన్లవాడికి వేసేద్దాం, ఎన్నేళ్ల నుంచీ ఊరికే అడ్డం పడి ఉంది అంది.

పెద్దమ్మ ఆ మూత తీసుకుని వెనక్కు తిప్పింది. చీరకొంగుతో రుద్దింది. మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. పత్తికొండ సంఘం.

"మీ ఊర్దే," అంది పెద్దమ్మ. "మన పెద్ద దేగిసాకు మూత ఇదేనే. మనది యాడో పోతే, ఒక పెండ్లికని వాండ్ల కాడ అడిగి తెచ్చుకుంటిమి. దేగిసా క్రిస్మస్‌కు తప్ప బయటికి రాదు. అందుకే నీకు తెలీలా."

రెజీనా మూతను తన చేతిలోకి తీసుకుని ఆ అక్షరాలు చూసింది.

"ఏమే, అట్ల సూస్తాండావు? ఎవురూ అడగలేదని ఏ వస్తువునూ పారెయ్యాకు. ముందు అడుగున పేరు చూడు. పేరు ల్యాకపోతే వెనక గదిలో పెట్టు. ఒక పెండ్లి జరగనీ. అప్పుడూ ఎవురూ ఎతుక్కోకపోతే అప్పుడు సూసుకుందాం."

ఆ మూత చేతిలో పట్టుకుని రెజీనా అట్లాగే కూర్చుండిపోయింది. పిల్లప్పటి నుంచీ ఈ పనే చేస్తోంది. ఏ పెళ్లింట్లోనైనా గిన్నె కడిగితే ముందు బోర్లించి పేరు చూడటం ఆమె చేతికి తెలుసు. కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఆ చెయ్యి మరిచిపోయింది.

మధ్యాహ్నం హనుమేష్ ఫోను చేశాడు. గుంతకల్లులో బండి దిగి, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో ఉన్నాడట. జరిగిందంతా విన్నాడు.

"వదినా, ఆ మంచు లైను అన్న తోలేదానికి కాదు," అన్నాడు. "మన సిగ్నళ్లన్నీ ఆడివే. మనవి యాడా దొరకల్యా. అచ్చం మనవాటి మాదిరే ఉండాయని ఆడినుంచి తెచ్చి నాటినా. నాదే తప్పు. నేను నీకు చెప్పకపోతి."

"వాటి అడుగున పేరు ఉంటాదా హనుమేషూ?"

అతనికి అర్థం కాలేదు. మూత సంగతి చెబితే నవ్వాడు. ఉంటుందట. లైను మీద పెట్టిన ప్రతి వస్తువుకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో లోపల రాసే ఉంటుందట. కానీ అన్నీ తెరిచి చదవడం రెజీనాతో అయ్యే పని కాదనీ, దానికన్నా పెద్దమ్మ చెప్పిందే మేలనీ అన్నాడు.

చేయాల్సింది నిదానంగా చెప్పాడు. కొన్న లైను ఎక్కడికీ పోదు, ఆట కొన్న యాప్‌లోంచి మళ్లీ దింపుకోవచ్చు. కానీ దానికి మునుపటంత చోటు కావాలి, ఆ చోటును అప్‌డేట్ తినేసింది. కాబట్టి వేరేవి కొన్ని పోవాలి. ఫోల్డరులో చెయ్యి పెట్టి ఏదీ లాగేయకూడదు. యాప్‌లో ఒక్కొక్కదాని పక్కన టిక్కు ఉంటుంది. టిక్కు తీస్తే అది పోతుంది, పెడితే తిరిగొస్తుంది. ఒకసారికి ఒక్కటే తీయాలి. తీశాక డోన్ నుంచి కర్నూలు దాకా బండి నడిపి రెండు పక్కలా చూసుకోవాలి. వీటన్నిటికన్నా ముందు మన లైనును వేరేచోట నకలు పెట్టుకోవాలి. ఎందుకంటే అది చేత్తో చేసింది, పోతే ఏ దుకాణమూ తిరిగి ఇవ్వదు.

చర్చి పాటలున్న పెన్‌డ్రైవ్‌లో రెజీనా ఆ నకలు దాచింది.

ఆ రోజు నుంచి బండి తోలే పని ఆమె మీద పడింది. అంగన్‌వాడీ నుంచి వచ్చి, టీ కూడా పెట్టుకోకుండా, ఒక టిక్కు తీసి డ్రైవరు కుర్చీలో కూర్చునేది. ఏసుకుమార్ మంచం మీద గోడకు తిరిగి పడుకునే ఉన్నాడు. మొదటి సాయంత్రం ఏదో ఎడారి దేశపు లైను తీసింది. బండి డోన్ దాటిందో లేదో, కట్టల వెంట కంపచెట్టు ఒక్కటి లేదు. కంపచెట్లు పోతే చాలు దేవుడా అని మొక్కుకోని రైతు ఆ సీమలో ఉండడు. కానీ అవి పోయిన నేల గొరిగిన గుండు మాదిరి బోసిగా ఉంది. టిక్కు మళ్లీ పెట్టింది. ఇంకో సాయంత్రం ఇంకొకటి తీస్తే దూపాడు ప్లాటుఫారం మీద మనుషులు మాయమయ్యారు. కుళాయి ఉంది, కుళాయి దగ్గర బిందె పట్టుకుని ఎప్పుడూ నిలబడే ఎర్రచీర ఆమె లేదు. అదీ వెనక్కు పెట్టింది. వేరే ఒకటి తీస్తే కర్నూలు దాకా ఏమీ మారలేదు. అడుగున ఎవరి పేరూ లేని గిన్నె అన్నమాట. దాన్ని అట్లాగే ఉంచింది.

ఆమెకు బ్రేకు వేయడం తెలియదు. బోగోలులో ఆగాల్సిన బండి బోగోలు దాటి పొలాల్లో ఆగింది. మంచం మీద నుంచి ఉఁ అని ఒక మూలుగు వచ్చింది. మరుసటి రోజు వెల్దుర్తిలోనూ అంతే. ఆ మూలుగు మరికాస్త గట్టిగా వచ్చింది. రెజీనా వెనక్కు చూడలేదు. ఆ మరుసటి సాయంత్రం ఆమె మొగం కడుక్కుని వచ్చేసరికి పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది, అందులో ఏసుకుమార్ కూర్చుని ఉన్నాడు. ఆమె అడ్డదిడ్డంగా వేసే బ్రేకు మీదికి ఎడమచెయ్యి చాచి తానే పట్టుకున్నాడు. మాట మాత్రం లేదు. అనడానికి తెర మీద ఏమీ లేదు.

తీయగలిగినవన్నీ తీసినా మంచు లైనుకు సరిపడా చోటు రాలేదు. చివరికి మిగిలింది ఒకటి. ఎర్రగా నిగనిగలాడే మెయిలు ఇంజను. పెద్ద ఎక్స్‌ప్రెస్ బండ్లకు కట్టేది. దాని పెట్టెలూ దానితోనే వచ్చి, చాలా చోటు పట్టుకుని ఉన్నాయి.

దాని సంగతి రెజీనాకు తెలుసు. గూడ్సు నుంచి మెయిలు బండ్లకు ఏసుకుమార్ పేరు పైకి వచ్చిందని తెలిసిన వారం కొన్నాడు. తెర మీద దాని బొమ్మ పెట్టుకున్నాడు. ఒక్కసారైనా బయటికి తీయలేదు. ఎందుకు తోలవని అడిగితే, ముందు నిజం బండి తోలతా, దాని తర్వాతే ఇది అన్నాడు. ఆ నెలలోనే బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఒరిగిపోయాడు. వాళ్ల లైను మీద ఆ ఇంజను వస్తువు ఒక్కటీ లేదు. అది పోతే డోన్ నుంచి కర్నూలు దాకా ఒక్క రాయి కూడా కదలదు.

ఆమె బాణాన్ని ఆ టిక్కు మీదికి తెచ్చింది. ఏసుకుమార్ ఎడమచెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. గట్టిగా ఏమీ కాదు. పసిపిల్లవాడి చెయ్యిని పొయ్యి దగ్గర నుంచి తీసినట్టు, ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

రెజీనా ఆ పూటకు అక్కడితో చాలించింది. బతిమాలలేదు, నచ్చజెప్పలేదు. ఆమెకు అంత ఓపిక లేదు కూడా. ఈ రెండేళ్లూ అతని తిండి, అతని మందులు, అతని లుంగీ రంగు కూడా తానే నిర్ణయించింది. ఇది కూడా తానే నిర్ణయించాలా అనిపించింది. పొయ్యి దగ్గరికి పోయి పప్పు తాలింపు పెట్టింది.

మరునాడు ఆమె ఇల్లు చేరేసరికి కంప్యూటరు వెలుగుతోంది. ఏసుకుమార్ ఎప్పటి నుంచి కూర్చున్నాడో, మౌసు ఎడమచేతి కింద ఉంది, బాణం ఆ టిక్కు పక్కనే ఉంది. ఆమె కోసమే కాచుకున్నట్టున్నాడు.

రెజీనా సంచి దించకుండానే అతని వెనక నిలబడింది. "మళ్లా కావాలంటే టిక్కు పెడితే వస్తాదిలేప్పా," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. అక్కరలేదనో, రాదనో. నొక్కాడు. ఎర్ర ఇంజను జాబితాలోంచి పోయింది. అతను కాసేపు తెరనే చూసి, మౌసును ఆమె వైపుకు తోశాడు.

మంచు లైను అంగన్‌వాడీ ఫోను నెట్టుతో దిగింది. ఆ సాయంత్రమంతా దిగి, మరుసటి పొద్దునా దిగుతూనే ఉంది. ఆ ఫోను పుట్టాక చేసిన మంచిపని అదొక్కటేనని రెజీనా రామసుబ్బమ్మతో అంది.

ఆ రోజు రెజీనాకు ఇల్లిల్లూ తిరిగే సర్వే పడింది. ఎండలో తిరిగి తిరిగి వచ్చి, వంటింట్లో ఎర్రగడ్డలు ముందేసుకుని పీట మీద కూర్చుంది. వీపు గోడకు ఆనింది.

"స్టార్టర్... గ్రీన్."

"స్టార్టర్ గ్రీన్," అంది. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎర్రగడ్డల వల్ల అనుకుంది. బండి కదిలింది. బోగోలు డిస్టెంట్, బోగోలు హోమ్. అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి, అన్నీ అతని నోట్లో ఉన్నాయి. ఒక్కొక్కదానికీ బదులిచ్చింది. బోగోలు దాటాక పట్టాల చప్పుడు ఒకే తీరుగా సాగింది. ఆ చప్పుడు మీద ఆమె తల మెల్లగా వాలింది.

"డిస్టెంట్... గ్రీన్."

ఎవరూ పలకలేదు.

"డిస్టెంట్... గ్రీన్."

బ్రేకులు కీచుమన్నాయి. పచ్చ సిగ్నల్ ఎదురుగా ఉండగా గూడ్సు వెల్దుర్తి బయట నిలబడిపోయింది.

"నిద్రపోతాండావా?"

రెజీనా కళ్లు తెరిచింది. ముందుగదిలోంచి వచ్చిన గొంతు అది. తడబాటు లేదు, మధ్యలో ఆగడం లేదు. నిండా కోపం. ఇన్నేళ్లూ ఇంజనులో, తెల్లారుజాము కునికిపాట్లకు, హనుమేష్ తిన్న తిట్టు ఇదే అయి ఉండాలి. కత్తిపీట మీద సగం కోసిన ఎర్రగడ్డ అట్లాగే ఉంది. గోడవతల రామసుబ్బమ్మ గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"లేదులేప్పా," అంది రెజీనా. "డిస్టెంట్ గ్రీన్."

బ్రేకు వదిలిన చప్పుడైంది. బండి వెల్దుర్తిలోకి పోయింది.

మాటలు నేర్పే ఆమెకు ఈ సంగతి ఫోనులో చెబితే, కోపంలో అట్లా వస్తుందమ్మా, మళ్లీ వచ్చినా రావచ్చు, రాకపోనూవచ్చు అంది. తర్వాతి రోజుల్లో రాలేదు. రెజీనా ఒకటి రెండుసార్లు కావాలనే బదులివ్వకుండా ఊరుకుని చూసింది. అతను బండి ఆపి, ఓపిగ్గా సిగ్నల్ పేరే మళ్లీ అన్నాడు, మళ్లీ అన్నాడు. ఇక ఆ పరీక్ష మానుకుంది. బండి దారిలో నిలబడితే కర్నూలు చేరేదెప్పుడు, అన్నం దించేదెప్పుడు, తాను నడుం వాల్చేదెప్పుడు. పిలుపు రాగానే, ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా, బదులిస్తోంది.